కొయ్యబద్దలోని విజ్ఞానము

పడవ నమూనాయో, పెంకుటింటి నమూనాయో, చెక్కవంతెన నమూనాయో చేయబూనిన విద్యార్థి మొట్టమొదట అడుగు ప్రశ్న యిది: “అగ్గిపుల్లకంటె సన్నని చెక్కబద్దలు ఎక్కడ దొరకును? దొరకనిచో వాటిని ఎట్లు కోసికొనవలెను?” ఈ ప్రశ్న చూచుటకు బజారులో తేలిపోవు ప్రశ్నవలె కన్పట్టును. కాని దీనికి నిజమైన సమాధానము చెప్పబూనినవాడు చెట్టు ఏ తీరున పెరుగునో, కొయ్యలో నీరు ఎచ్చట దాగియుండునో, ఉక్కు అంచు కొయ్యలో ప్రవేశించునపుడు ఏమి జరుగునో చెప్పక తప్పదు. ఒకే పలకనుండి కోసిన రెండు బద్దలలో ఒకటి విల్లువలె వంగి నిలుచుటకు, రెండవది చేతిలోనే పుటుక్కున విరుగుటకు కారణము, కోసిన రంపములో కంటె చెట్టు పెరిగిన తీరులోనే యెక్కువగా ఉన్నది.

పాయకరావుపేట ప్రాంతపు పాఠకునకు ఈ విషయము మిక్కిలి దగ్గరిది. తాండవనదికి ఈవలి ఒడ్డున పాయకరావుపేట, ఆవలి ఒడ్డున తుని. ఆ నది అచ్చటనుండి సాగి పెంటకోట కడ సముద్రమున కలియును. పెంటకోట మత్స్యకారుల పల్లె; తెప్పలును, నావలును తరతరములుగా కెరటములను దాటిన తీరమది. ఆ పేటనుండి జాతీయ రహదారి వెంట విశాఖపట్టణపు దిక్కుగా పోయి, ఎలమంచిలి ప్రాంతమున ప్రక్కకు మరలినచో, అదే అనకాపల్లి జిల్లాలో, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశపు శకటము ఆ బొమ్మలనే ప్రదర్శించినది. నమూనాగా మలచదగిన పడవలు ఒక దిక్కునను, మలచుటకు తగిన మేలిజాతి కొయ్య మరియొక దిక్కునను ఇంత చేరువలో నుండగా, సన్నని బద్దలకై పరదేశపు పెట్టెలకు ఎదురుచూడవలసిన అవసరము మనకు లేదని ఈ అధ్యాయమున నిరూపింపదలచితిని.

కొలత తగ్గును, కొయ్య తగ్గదు

నమూనాలో ప్రతి కొలతయు ఒకే పాలున తగ్గవలెను. పది మీటర్ల పొడవుగల నావను ఏబదవ వంతున చేసినచో ఇరువది సెంటీమీటర్ల నమూనా యగును. ఆ నావ ప్రక్కపలక ఇరువది సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల మందము కలదనుకొన్నచో, నమూనాలో దాని వెడల్పు 4 మిల్లీమీటర్లు, మందము 0.8 మిల్లీమీటరు మాత్రమే. అడుగుకు పావు అంగుళము చొప్పున తగ్గించు పద్ధతి ఆంగ్లదేశమున చిరకాలముగా నున్నది. పండ్రెండు అంగుళములలో పావు అంగుళములు నలువదియెనిమిది గనుక అది నలువదియెనిమిదవ వంతగును. 17, 18 శతాబ్దులలో ఆంగ్ల నౌకాదళపు ఓడలకు చేసిన ప్రసిద్ధ నమూనాలు పెక్కు ఈ పాలులోనివే. వాటి శిల్పులు పియరు, బాక్సువుడ్ వంటి నున్నని సన్నపోగు కొయ్యలను ఎన్నుకొనిరి. ఆ ఎన్నికకు కారణము తెలిసికొనుటయే మన మొదటి పాఠము.

మనము పలకను ఏబదిరెట్లు తగ్గింపగలము. కాని కొయ్యలోని రంధ్రములను తగ్గింపజాలము. టేకు కొయ్యను అడ్డముగా కోసి, ఆ కోతముఖమును పదునైన కత్తితో నున్నగా చెక్కి వెలుతురులో పట్టి చూచినచో, ప్రతి సంవత్సరపు వలయము మొదటను చిన్నచిన్న రంధ్రములు వరుసకట్టి కన్పించును. చెట్టు బ్రతికియున్నపుడు నీరు వేరునుండి ఆకునకు ఎగబ్రాకిన నాళములవి. టేకులో వాటి వ్యాసము ఇంచుమించు 0.2 నుండి 0.3 మిల్లీమీటరు వరకు ఉండును. నాలుగు సెంటీమీటర్ల మందముగల నావపలకకు ఇది లెక్కకు రాని కొలత, కాని 0.8 మిల్లీమీటరు బద్దలో అట్టి రంధ్ర మొక్కటి మందములో మూడవ వంతును మ్రింగివేయును. బద్ద అచ్చటనే విరుగును. చూపునకును అది సరిపడదు: ఏబదవ వంతు నమూనాలో కన్పించు ఆ గాడిని అసలు నావకు పెంచి ఊహించినచో, పలకపై ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు కాలువ పడినట్లుండును. కావుననే టేకు గొప్ప కలపయయ్యును సన్నని బద్దలకు మొదటి శ్రేణి కొయ్య కాదు. నాళములు కంటికి విడిగా గోచరింపనంత సూక్ష్మములై, కొయ్య అంతటను సమముగా వ్యాపించియున్న జాతులే ఈ పనికి తగినవి. ఏటికొప్పాక పనివారు వాడు అంకుడు కొయ్య అట్టిది.

గడ్డిమోపును తలచుకొనుడు

కొయ్య నిర్మాణమును మనస్సునకు తెచ్చుకొనుటకు వరిగడ్డి మోపును తలచుకొన్నచో చాలును. పరకలన్నియు ఒకే దిక్కున పేర్చి, చిక్కని జిగురులో ముంచి, బిగియగట్టి ఆరబెట్టిన మోపును ఊహింపుడు. ప్రతి పరకయు లోపల బోలుగా నుండును. గోడ మాత్రము గట్టిది. ఆ మోపును రెండు కొనల పట్టి లాగినచో తెగుట దుస్సాధ్యము. ప్రక్కలకు లాగినచో పరకల నడుమ జిగురు ఊడి సులభముగా విడివడును. కొయ్యలోని పరకలు తంతుకణములు. వాటి గోడలకు బలమిచ్చునది సెల్యులోజ్ అను పదార్థము. వాటిని ఒకదానితో నొకటి అంటించు జిగురు లిగ్నిన్. కొయ్యను పోగువెంట పరీక్షించినపుడు కన్పించు బిగువు, అడ్డముగా పరీక్షించినపుడు కన్పించుదానికి పదింతలకు పైగా ఉండుట ఈ కట్టుబాటు వలననే.

ఇపుడు కొలతలు చూడుడు. ఇట్టి తంతువు పొడవు ఆకురాల్చు జాతుల కొయ్యలలో సుమారు ఒక మిల్లీమీటరు. అడ్డము సుమారు 0.02 మిల్లీమీటరు. అనగా ఒక మిల్లీమీటరు మందముగల బద్దలో, ఈ అంచునుండి ఆ అంచువరకు, ఏబది తంతువుల కంటె ఎక్కువ లేవు. దూలములో లక్షలాది తంతువులు ఒకదాని లోపమును మరియొకటి కప్పిపుచ్చుచుండును. బద్దలో అట్టి సాయము లేదు. చిన్నముడి, చిన్న వంకర, చిన్న పురుగుతొలి యేదైనను ఆ ఏబదింటిలో ఇరువదింటిని తెంపివేసినచో మిగిలిన ముప్పది మాత్రమే భారమును మోయవలెను.

పోగు వంకర యన్నచో ఏమో ఒక లెక్కతో స్పష్టమగును. పలక అంచునకు సమాంతరముగా పోక, ఇరువది మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున పోగు ఏటవాలుగా పోవుచున్న దనుకొందము. ఈ వాలు కంటికి తెలియనంత స్వల్పము. కాని ఆ పలకనుండి ఒక మిల్లీమీటరు మందమున కోసిన బద్దలో ప్రతి పోగుగీతయు రెండు సెంటీమీటర్లలోనే ఒక ముఖమునుండి ప్రవేశించి రెండవ ముఖమునుండి బయటపడును. ఇరువది సెంటీమీటర్ల బద్దలో కొసనుండి కొసకు సాగిన పోగు ఒక్కటియు ఉండదు. అట్టి బద్ద చూచుటకు నిటారుగా నున్నను, వంచినపుడు జిగురు ఊడినచోట ఏటవాలుగా చీలిపోవును. సన్నని బద్ద విరుగుటకు గల కారణములలో ఇదియే ముఖ్యమైనది.

చీల్చుట, కోయుట, తరుగుట

ఈ దోషమును తప్పించుటకు ప్రాచీనమైన ఉపాయము చీల్చుట. రంపము మనము గీసిన గీత వెంట పోవును. చీలిక చెట్టు గీసికొనిన గీత వెంట పోవును. మన గ్రామములలో వెదురు చీల్చి తట్టలు, చేటలు, దడులు అల్లు మేదరుల హస్తకౌశలమును శ్రద్ధతో చూచినవారికి ఇందలి రహస్యము తెలియును. వారు వెదురును ముందు సగమునకు సగము చీల్తురు. ఆ సగమును మరల సగము చేయుదురు. రెండు ప్రక్కలను సమానమైన బలముండుట వలన చీలిక నడుమనే సాగును. ఎచ్చటనైనను అది ఒక ప్రక్కకు ఒరిగి, ఒక బద్ద పలుచనై రెండవది దళసరి కాజొచ్చినచో, దళసరిగా నున్న బద్దను ఎక్కువగా వంచి లాగుదురు. ఎక్కువ వంగిన ప్రక్కకు చీలిక మొగ్గును గనుక అది తిరిగి మధ్యకు వచ్చును. కత్తి ఇచ్చట త్రోవ చూపుటకే; చీలికను నడుపునది చేతివ్రేళ్ళ వంపు. నమూనాలు చేయువాడు కొయ్యముక్కను ముందుగా పదునుగల కత్తితో చీల్చి, చీలిన ముఖమును చిత్రికపట్టి, ఆ ముఖమునకు సమాంతరముగా రంపముతో కోసినచో, చెట్టు గీతయు తన గీతయు ఒక్కటగును.

రంపపుకోతలో మరియొక నష్టము కలదు. రంపపు పండ్లు ఎడపెడలుగా వంచబడియుండుట వలన కోతసందు రంపపురేకు మందముకంటె వెడల్పుగా ఉండును. ఆ సందులోని కొయ్య యంతయు పొట్టుగా రాలిపోవును. కోతమిల్లులోని గుండ్రని రంపము సుమారు రెండున్నర మిల్లీమీటర్ల సందు చేయునని అనుకొందము. నూరు మిల్లీమీటర్ల పలకనుండి ఒక మిల్లీమీటరు బద్దలు తీయబోయినచో ఇరువదియెనిమిది బద్దలు వచ్చును. డెబ్బది మిల్లీమీటర్ల కొయ్య పొట్టగును. అర మిల్లీమీటరు సందు చేయు సన్నరంపముతో అదే పలకనుండి అరువదియారు బద్దలు వచ్చును. పొట్టు రాలని కోత కత్తికోత మాత్రమే. ప్లైవుడ్డు పొరలను, అగ్గిపుల్లల చెక్కను తీయువారు నానిన దుంగను త్రిప్పుచు వెడల్పైన కత్తితో చుట్టలుగా ఒలుతురు. అందు నష్టము లేదుగాని వేరొక దోషము కలదు: కత్తి పొరను బలవంతముగా వంచి లేపుట వలన పొర లోపలి ముఖమున కంటికానని నెఱ్ఱెలు పడును. ఆ పొరనుండి తీసిన బద్దను వంచునపుడు నెఱ్ఱెలున్న ముఖము లోపలి ప్రక్కకు ఉండునట్లు చూచుకొన్నచో నెఱ్ఱెలు మూసికొనును. వెలుపలికి ఉంచినచో తెరచుకొనును.

ఇంటిలో బద్దలు తీయువారికి నెమ్మదియైన పద్ధతి యొకటి చెప్పుదును. ముడులు లేని చిన్నపలకను తీసికొని దాని అంచును చిత్రికతో తిన్నగా చేయవలెను. ఆ అంచునుండి కావలసిన మందముకంటె కొంచె మెక్కువగా గీత గీసి సన్నరంపముతో కోయవలెను. ప్రతి బద్ద కోసిన పిమ్మట పలక అంచును మరల చిత్రికపట్టి రెండవ బద్దకు పూనుకొన్నచో, ప్రతి బద్దకును ఒక ముఖము ముందుగానే నున్నగా నుండును. రెండవ ముఖమును సరిచేయుటకు బల్లపై బద్దకు ఇరుప్రక్కల కావలసిన మందముగల రెండు ఉక్కుపట్టీలు అమర్చి, చదునైన చెక్కకు చుట్టిన ఉప్పుకాగితముతో రుద్దవలెను. కాగితము పట్టీలను తాకగానే అరుగుట ఆగును గనుక బద్ద ఆద్యంతము ఒకే మందమున తేలును. పడవలకు కావలసిన గుండ్రని సన్నచీలలు చేయుటకు కంసాలుల కమ్మచ్చు, అనగా క్రమముగా చిన్నవగు రంధ్రములుగల రేకు, ఉపకరించును: చీల్చిన వెదురుపుల్లను పెద్ద రంధ్రమునుండి క్రమముగా చిన్నరంధ్రమునకు మార్చుచు లాగినచో అది గుండ్రనై వచ్చును.

కరెంటు రంపముతో సన్నబద్దలు కోయువారు రెండు సంగతులు మరువరాదు. బద్ద రంపమునకును ఆనుడుచెక్కకును నడుమ ఇరుక్కొన్నచో రంపపు వేగమున అది బాణమువలె వెనుకకు ఎగురును. కనుక సన్నబద్ద ఆనుడుచెక్కకు వెలుపలి ప్రక్కకు తెగి పడునట్లు అమర్చుకొని, చేతితో గాక తోపుడుకర్రతో పలకను నెట్టవలెను. కొయ్యపొట్టు కేవలము చిరాకు కలిగించునది మాత్రమే కాదు; దానిని చిరకాలము పీల్చుట క్యాన్సరునకు హేతువని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. ముక్కునకు మాస్కు లేనిదే ఈ పనికి కూర్చుండరాదు.

సముద్రపుగాలియు, బద్దల మధ్య సందులును

బద్దలు అంటించినపుడు ఎంతో బిగువుగా నున్న నమూనాలో కొన్ని నెలలకు సందులు తెరచుకొనుటయు, లేక బద్దలు ఉబ్బి పైకి లేచుటయు అందరికి అనుభవైకవేద్యము. ఈ కదలికకు కారణము నీరు. పచ్చికొయ్యలో నీరు రెండు చోట్ల ఉండును: పరకల బోలులో కొంత, పరకల గోడలో కొంత. బోలులోని నీరు ముందుగా ఆరిపోవును. అందువలన కొయ్య కుదించుకొనదు. నూటికి సుమారు ముప్పది వంతుల తేమవద్ద బోలు ఖాళీయై గోడ మాత్రము తడిగా నుండును. అటుపిమ్మట గోడ ఆరుచున్న కొలది పరకలు సన్నబడి కొయ్య కుదించుకొనజొచ్చును. ఒకసారి ఆరిన కొయ్య సయితము గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నిరంతరము మారుచుండును. గాలిలో తేమ నూటికి ఎనుబదియైనపుడు కొయ్యలో సుమారు పదునారు వంతులు, ఏబదియైనపుడు సుమారు తొమ్మిది వంతులు నిలుచును. పెంటకోట సముద్రపుగాలిలో ఆరిన బద్ద, ఎయిర్ కండిషనర్ నడచు గదిలోని అద్దాల పెట్టెలోనికి పోయినపుడు ఈ రెండు స్థితుల నడుమ ప్రయాణము చేసినదన్నమాట.

పరకలు సన్నబడునే గాని పొట్టిపడవు. కావున బద్ద పొడవులో మార్పు దాదాపు శూన్యము. అడ్డమున జరుగు మార్పు మాత్రము దిక్కును బట్టి భేదించును. చెట్టు నడిబొడ్డునుండి బెరడువైపునకు కిరణములవలె సాగిన కణముల వరుసలు కలవు. అవి ఆ దిక్కున పరకలను పట్టి ఉంచును గనుక అటు కుదింపు తక్కువ. వలయముల వెంట, అనగా చెట్టును చుట్టివచ్చు దిక్కున, కుదింపు ఇంచుమించు దానికి రెట్టింపు. పచ్చికొయ్య పూర్తిగా ఆరునపుడు సామాన్యముగా మొదటి దిక్కున నూటికి నాలుగు వంతులు, రెండవ దిక్కున ఎనిమిది వంతులు తగ్గును. దీనిని నమూనాకు అన్వయించి చూడుడు. అయిదు మిల్లీమీటర్ల బద్దలు ఇరువది ప్రక్కప్రక్కన అంటించినచో నూరు మిల్లీమీటర్లగును. పైన చెప్పిన తేమభేదమునకు, బద్దల వెడల్పు వలయముల వెంట నున్నచో ఆ నూటిలో రెండు మిల్లీమీటర్లు కదలును. నడిబొడ్డునుండి బెరడుకు పోవు దిక్కున నున్నచో ఒక మిల్లీమీటరు మాత్రమే. కాబట్టి పలక కొనువాడు దాని కొసను చూడవలెను. కొసలో వలయపు గీతలు పలక ముఖమునకు నిలువుగా నిలబడియున్నచో ఆ పలక ముఖపువెడల్పు తక్కువగా కదలును. గీతలు అడ్డముగా పరుండి విల్లువలె వంగియున్నచో ఆ ముఖము ఎక్కువగా కదలును. మన దేశపు కొయ్యలలో కొన్నింటికి వలయములు స్పష్టముగా నుండవు. అట్టి వాటిలో కొసను తడిపి, భూతద్దముతో కిరణరేఖలు పోవు దిక్కు చూచి నిర్ణయించుకొనవచ్చును. కోసిన బద్దలను నమూనా నిలువనున్న గదిలోనే కొన్ని వారములు కట్టగట్టి ఉంచి, పిమ్మట వాడుట మరియొక జాగ్రత్త.

వంచు విధము

బద్ద ఏల వంగును, పలక ఏల వంగదు అన్న ప్రశ్నకు సమాధానము రెండు భాగములు. మొదటిది బిగువు. మందము సగమైనచో బిగువు సగమగునని తోచును గాని, నిజమునకు ఎనిమిదవ వంతగును. మందము మూడవ వంతైనచో ఇరువదియేడవ వంతగును. రెండవది సాగుట. వంచినపుడు బద్ద వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము కుదించుకొనును, నడుమ భాగము ఉన్నట్లే ఉండును. మందము తక్కువైనకొలది వెలుపలి ముఖమునకును నడుమకును ఎడము తక్కువ. కనుక అదే వంపునకు అది సాగవలసినదియు తక్కువ. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధముగల వంపునకు ఒక మిల్లీమీటరు బద్ద వెలుపలి ముఖము నూటికి ఒక వంతు సాగిన చాలును; అయిదు మిల్లీమీటర్ల పలకయైనచో అయిదు వంతులు సాగవలెను. ఎండుకొయ్య రమారమి ఒక వంతును మాత్రమే ఓర్చుకొనగలదు. అందుచేత పలుచని బద్ద బ్రతుకును, దళసరిది పగులును.

అంతకంటె బిగువైన వంపు కావలసినచో తడియు, వేడియు సాయము రావలెను. తడిసిన కొయ్యను నూరు డిగ్రీల దాపునకు వేడిచేసినపుడు పరకల నడుమనున్న జిగురు మెత్తబడును. పరకలు ఒకదానిపై నొకటి కొంత జరుగగలవు. ఇట్లు మెత్తబడిన కొయ్య బాగుగా కుదించుకొనునే గాని, అంతగా సాగజాలదు. ఈ సత్యమును గ్రహించిన కుర్చీల పనివారు వంచు కొయ్య వెలుపలి ముఖమున ఇనుపపట్టీ బిగింతురు. పట్టీ సాగదు గనుక వంపు యావత్తును లోపలి ముఖపు కుదింపుచేతనే జరుగును. అంగుళము మందమునకు గంటసేపు ఆవిరి పట్టించుట పనివారి లెక్క. ఆ లెక్కన మిల్లీమీటరు బద్దకు రెండుమూడు నిమిషములు చాలును. బద్దను వేడినీటిలో నానబెట్టి, వేడెక్కిన లోహపు గొట్టముపై మెల్లగా ఒత్తుచు వంచి, కావలసినదానికంటె స్వల్పముగా ఎక్కువ వంపున మేకుల నడుమ బిగించి, పూర్తిగా ఆరువరకు కదపకుండుట క్రమము. ఆరకముందే విడిచినచో వంపు తిరిగి విప్పుకొనును.

మన తీరపు మసూలా పడవను నమూనా చేయువారు ఈ సందర్భమున గమనింపదగినది యొకటి కలదు. చెన్నపట్టణమున రేవు కట్టకపూర్వము దూరమున లంగరువేసిన ఓడలనుండి మనుష్యులను, సరుకులను కెరటముల మీదుగా ఒడ్డునకు చేర్చినవి ఈ పడవలే. వాటి పలకలను మేకులతో కొట్టక కొబ్బరినారత్రాళ్ళతో కుట్టెడివారు. పడవ కెరటము దెబ్బకు విరుగక, కుట్టులవద్ద కదలి ఊగిసలాడి దెబ్బను ఓర్చుకొనెడిది. దాని నమూనాలో బద్దలను జిగురుతో బిగియించి ఊరకొన్నచో రూపము వచ్చునుగాని పడవ స్వభావము రాదు. అంచుల వెంట సన్నని రంధ్రములు పొడిచి నూలుతో కుట్టవలెను. రంధ్రము పొడుచునపుడు చీలని సన్నపోగు కొయ్యయే అందుకు వలయును.

మన చేరువలో దొరకు కొయ్యలు

ఏటికొప్పాక పనివారి అంకుడు కొయ్యను మొదట చెప్పవలెను. చిన్న చెట్టు, తెల్లని పూలు, త్రుంచినచో పాలు, కొనవద్ద కలిసికొని జంటగా వ్రేలాడు సన్నని కాయలు దీని గురుతులు. కొయ్య దంతపు ఛాయ. పోగు మిక్కిలి సన్నము. ఉలికి, కత్తికి సమముగా లొంగును. అచ్చటి పనివారు దీనిని తరిమెనపై, అనగా లేతుపై, త్రిప్పుచు లక్కకడ్డీని ఒత్తి, ఒరపిడి వేడిచేత లక్కను కరగించి రంగుపూత పట్టింతురు. ఆ రంగులకు ఆకులు, గింజలు, బెరళ్ళు మొదలైన ప్రకృతిద్రవ్యములను మరల వాడుకలోనికి తెచ్చుటకై కృషిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. బొమ్మకు చాలని ముక్క మనకు చాలును: జానెడు పొడవు, రెండు వ్రేళ్ళ మందము గల ముడిలేని ముక్కనుండి ఒక చిన్ననావకు కావలసినన్ని బద్దలు వచ్చును.

కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొనికి మిక్కిలి తేలికయైన మెత్తని కొయ్య. అచ్చటి పనివారు దానిని వేడిచేసి తడి పోగొట్టి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగములను అతుకుదురు. పడవ లోపలి దిమ్మకును, కొండలు, గోడలు మలచుటకును అది యుక్తము. పలుచని బద్దకు మాత్రము కత్తి అంచున నలగిపోవును. తేలికదనమునకు లోకప్రసిద్ధి పొందిన బాల్సా దక్షిణ అమెరికా వృక్షము. ఘనమీటరునకు సుమారు 160 కిలోగ్రాములు మాత్రమే తూగును. టేకు దానికి నాలుగింతలు తూగును. ఎగురు విమాన నమూనాలకు బాల్సాకు సాటి లేదుగాని, పడవబద్దకు దానికంటె అంకుడే మేలు. తెరచాపకొయ్యలకు, సన్నని కడ్డీలకు వెదురు అన్నిటికంటె మిన్న. అందును వెలుపలి పొరలో పోగులు దట్టముగా నుండును గనుక ఆ పొరనే గ్రహింపవలెను. అడుగుదూలమునకు, లోపలి చట్టములకు పాత టేకు ద్వారబంధముల ముక్కలు శ్రేష్ఠము: అనేక వర్షములు, వేసవులు చూచిన కొయ్య గనుక అది మెలితిరుగుట తక్కువ. టేకులో నూనెగుణ మున్నందున చిత్రికపట్టిన వెంటనే జిగురు పూయవలెను.

ఊరి కలప అడితిలో రీపర్ల తునకలు, కోతమిల్లులో అంచుపలకలు, వడ్రంగి కొట్టములో తలుపు రెక్కల కత్తిరింపులు పొయ్యిలోనికి పోవుచున్నవి. వాటిని ఏరుకొనునపుడు నాలుగు పరీక్షలు చేయవలెను. కొసలోని వలయములను చూచుట. ప్రక్కలోని పోగు అంచునకు సమాంతరముగా నున్నదో లేదో చూచుట. ముడులు, పురుగుతొలులు లేవని నిశ్చయించుకొనుట. చివరనుండి చిన్నపేడు చీల్చి అది తిన్నగా వచ్చునో లేదో పరీక్షించుట. తెల్లకొయ్యలు తడిగా మూటగట్టినచో బూజుచేత నీలిమచ్చలు పడును. వెంటనే చీల్చి నీడలో గాలియాడునట్లు పేర్చవలెను. వాటికి పురుగుభయము కూడ ఎక్కువ. బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టుట దానికి రక్ష.

ఎర్రచందనము వంటి రక్షితజాతుల కొయ్యను ఎంత చిన్నముక్కయైనను, ఎవరిచ్చినను గ్రహింపరాదు. అడవిలోని చెట్టుపై చేయివేయుట నేరము. పొలములోని చెట్టు కొట్టుటకు సయితము సామాన్యముగా 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలెను. ఈ కట్టుబాట్లు మన పనికి అడ్డంకులు కావు. చెట్టును కొట్టవలసినంత కొయ్య మనకు ఎన్నడును అక్కరలేదు.

అంకుడు చెట్టునకు ఒక సద్గుణము కలదు: మొదలు నరికినను మోడునుండి తిరిగి చిగిర్చి కొమ్మలు వేయును. మితముగా కొమ్మలు కోసికొనుచు మొదలును కాపాడినచో ఒకే చెట్టు ఏండ్ల తరబడి కొయ్య నిచ్చును. అయినను కోతకు తగిన నాటింపు లేనిచో ఏ చెట్టైనను తరిగిపోక మానదు. కాబట్టి పాయకరావుపేటలోను, తునిలోను, ఎలమంచిలిలోను ఉన్న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నా మనవి యిది: పాఠశాల ఆవరణలలో కొన్ని అంకుడు మొక్కలు నాటుడు, అవి పెరుగులోపల అడితి తునకలతో, వెదురుబద్దలతో పెంటకోట నావ నొకదానిని కొలతకు సరిగా నిర్మింపుడు, చీల్చు విద్యను మేదరుల కడను, చిత్రికపట్టు విద్యను వడ్రంగుల కడను కూర్చుండి నేర్చుకొనుడు. ఈ నేర్పు నేడు వారి చేతులలోనే యున్నది. వారు ఉండగానే దానిని అందుకొనుట మన విధి.